నది ఎందుకు వెనక్కి పారుతుంది? ఆటుపోట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు నది అనగానే ముందు ఇసుక గుర్తొస్తుంది, నీరు ఆ తర్వాత. స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ నెలలు మేము చూసేది ఇసుకనే. అలాంటి ఊరినుంచి వెళ్లి ఒకసారి కోనసీమలో పడవల రేవు దగ్గర కూర్చున్నాను. పొద్దున సముద్రం వైపు కొట్టుకుపోయిన గుర్రపుడెక్క గుంపు మధ్యాహ్నం తాపీగా తిరిగి వస్తోంది. పడవవాడిని అడిగితే "పోటు కదండీ" అని ఊరుకున్నాడు. అతనికి అది రోజూ చూసే సంగతి, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతుంటాను. ఈ సంగతి వాళ్లకు చెప్పినప్పటినుంచి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, మా వీధివాళ్లు అడిగిన ప్రశ్నలివి.

నది వెనక్కి పారడం నిజమేనా, లేక కంటికి అలా అనిపిస్తుందా?

నిజమే. గాలికి పైపైన అలలు ఎదురు వస్తున్నట్లు కనిపించడం వేరే సంగతి, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. సముద్రానికి దగ్గరగా ఉన్న చాలా నదుల్లో రోజుకు రెండుసార్లు మొత్తం ప్రవాహమే ఆగి, దిక్కు మార్చి, కొన్ని గంటలపాటు ఎగువకు సాగి, మళ్లీ సముద్రం వైపు మళ్లుతుంది. లంగరు వేసిన పడవను గమనిస్తే చాలు. పొద్దున ఒకవైపు మూతి పెట్టి నిలిచిన పడవ మధ్యాహ్నానికి పూర్తిగా రెండోవైపు తిరిగి ఉంటుంది.

"పోటు" అంటే మా తిరుపతిలో లడ్డూలు చేసే చోటు. ఈ పోటు ఏమిటి?

ఈ ప్రశ్న మా పక్కింటి పెద్దావిడ అడిగారు. శ్రీవారి ఆలయంలో ప్రసాదాలు తయారయ్యే వంటశాలను పోటు అంటాము కాబట్టి ఆమె సందేహం న్యాయమే. తలపోటులో ఉన్నదీ, కత్తిపోటులో ఉన్నదీ కూడా ఈ మాటే. తీరప్రాంతంలో సముద్రపు నీరు పొంగి పైకి రావడం పోటు, తీసిపోవడం పాటు. ఈ పాటునే ఆటు అని కూడా అంటారు. రెండూ కలిపితే ఆటుపోట్లు. జీవితంలోని ఎగుడుదిగుళ్లకు మనం వాడే ఆ మాట సముద్రపు ఒడ్డునుంచే వచ్చింది.

నీరు పల్లానికే పారుతుంది కదా. మరి ఎదురు ఎలా ఎక్కుతుంది?

ఎక్కదు. అసలు చిక్కుముడి అంతా ఇక్కడే ఉంది, కొంచెం ఓపికగా చదవండి.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అన్నారు పెద్దలు. పోటు వచ్చినప్పుడు కూడా నీరు ఆ సామెతను తప్పదు. తప్పు మనం పల్లాన్ని చూసే పద్ధతిలో ఉంది. పల్లం అంటే నది అడుగున ఉన్న నేల వాలు అనుకుంటాము. పారే నీటికి దారి చూపేది ముఖ్యంగా నీటి ఉపరితలం వాలు. ఒక చోట నీటిమట్టం ఎక్కువగా, పక్కన తక్కువగా ఉంటే, అడుగున నేల ఎలా ఉన్నా నీరు ఎక్కువ మట్టం వైపునుంచి తక్కువ మట్టం వైపు కదులుతుంది.

సముద్రానికి దగ్గరపడే కొద్దీ నది వాలు దాదాపు చదునైపోతుంది. ఉదాహరణకు ఒక నది తన చివరి దశలో కిలోమీటరుకు అయిదు సెంటీమీటర్లు మాత్రమే దిగుతోందనుకోండి. అంటే ఇరవై కిలోమీటర్ల ఎగువన నీటిమట్టం ముఖద్వారం దగ్గరకంటే ఒక్క మీటరే ఎక్కువ. ఇప్పుడు సముద్రం ఆరు గంటల్లో మీటరుకు కాస్త పైనే పొంగితే ఏమవుతుంది? ముఖద్వారం దగ్గర ఉన్న నీటిమట్టం లోపలి మట్టాన్ని దాటిపోతుంది. అంతకుముందు సముద్రం వైపున్న పల్లం ఇప్పుడు ఎగువ వైపుకు మారింది. నీరు మునుపటిలాగే పల్లం వెతుక్కుంది, అంతే.

గడపకు అటు వరండా, ఇటు వాకిలి ఉన్నాయనుకోండి. ఇల్లు కడిగిన నీళ్లు వాకిట్లోకి పోతాయి. పెద్ద వాన కురిసి వాకిట్లో నీళ్లు గడప కంటే పైకి లేస్తే అవే నీళ్లు ఇంట్లోకి వస్తాయి. ఇల్లు కట్టిన మేస్త్రీ వాలు తప్పు పెట్టాడని అప్పుడు ఎవరూ అనరు.

మరి చంద్రుడు? నదిలోని నీటిని చంద్రుడే లాగుతాడని చదివాము.

చంద్రుడి పాత్ర ఉంది గానీ, నది మీద నేరుగా లేదు. నదిలో నీటిని చంద్రుడే పైకి లాగగలిగితే తిరుమల పుష్కరిణిలోనూ, కల్యాణి డ్యామ్‌లోనూ రోజుకు రెండుసార్లు మెట్లు మునిగి తేలాలి. అలా జరగదు.

చంద్రుడి ఆకర్షణ భూమి మీద అన్ని చోట్లా ఒకేలా ఉండదు. చంద్రుడి వైపున్న సముద్రానికి కాస్త ఎక్కువ, భూమి కేంద్రానికి మధ్యస్థంగా, వెనకవైపు సముద్రానికి కాస్త తక్కువ. ఈ తేడాయే పోటుకు మూలమని 1687లో న్యూటన్ వివరించాడు. తేడా పనిచేయాలంటే వేల కిలోమీటర్ల విస్తీర్ణం కావాలి. మహాసముద్రానికి అంత వెడల్పు ఉంది, మన చెరువుకు లేదు. అందువల్ల చంద్రుడు, సూర్యుడు కలిసి సముద్రాన్ని కదిలిస్తారు, సముద్రం నది వాకిలి దగ్గర మట్టాన్ని పెంచుతుంది, నది దానికి తలవంచుతుంది. చంద్రుడి పలుకుబడి నది దాకా చేరేది ఇలా మధ్యవర్తి ద్వారానే.

చంద్రుడికి ఎదురుగా ఒకటి, వెనకవైపు ఒకటి, ఇలా రెండు ఉబ్బులు ఏర్పడతాయి కాబట్టి మన బంగాళాఖాతం తీరంలో రోజుకు రెండు పోట్లు వస్తాయి. ఒక పోటునుంచి మరో పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఈలోగా చంద్రుడు కూడా తన దారిలో ముందుకు జరుగుతాడు కాబట్టి రోజూ పోటు సమయం దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ ఉదయం ఆరింటికి వచ్చిన పోటు రేపు ఏడుకు కాస్త ముందు వస్తుంది.

వెనక్కి వచ్చేది సముద్రపు నీరేనా?

చాలామంది ఇక్కడే పొరపడతారు. ముఖద్వారం దగ్గర వచ్చేది సముద్రపు నీరే. కాస్త లోపలికి వెళ్లి చూస్తే మాత్రం, వెనక్కి వస్తున్నది పొద్దున దిగువకు పోయిన నది నీరే. నా గుర్రపుడెక్క గుంపు ఇందుకు సాక్షి. ఉప్పునీటిలో అది బతకదు. మంచినీటితోనే వెళ్లింది, మంచినీటితోనే తిరిగొచ్చింది.

దీన్ని తిరుపతివాళ్లకు చెప్పడం తేలిక. తిరుమల క్యూలో ముందున్న గేటు మూశారనుకోండి. ఆగడం ముందు వరుసలో మొదలై వెనక్కి పాకుతుంది. కాసేపటికి ఎక్కడో వెనక కంపార్ట్‌మెంటులో ఉన్న మనిషి కూడా ఆగిపోతాడు. గేటు దగ్గరి మనిషి పరుగెత్తుకొచ్చి అతణ్ణి ఆపలేదు. ఆగిన కబురు మాత్రమే వెనక్కి ప్రయాణించింది. పోటు కూడా అలాంటి కబురే. నీరు కదిలేది కొద్ది దూరం, కబురు వెళ్లేది చాలా దూరం.

లెక్క కావాలనేవారికి: పోటు అల వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. అయిదు మీటర్ల లోతున్న నదిలో అది సెకనుకు సుమారు ఏడు మీటర్లు, అంటే గంటకు పాతిక కిలోమీటర్లు. అదే నదిలో నీటి ప్రవాహం గరిష్ఠంగా సెకనుకు అర మీటరు ఉంటే, ఒక నీటిబొట్టు పోటు మొదలైన దగ్గరనుంచి ముగిసేదాకా వెనక్కి వెళ్లేది ఏడు కిలోమీటర్లే.

ఉప్పునీరు, మంచినీరు వెంటనే కలిసిపోవా?

కలవడానికి సమయం పడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి అది మంచినీటి కంటే కొంచెం బరువు. ప్రవాహం నెమ్మదిగా ఉన్న చోట ఉప్పునీరు అడుగున చీలలాగా దూరి ఎగువకు పాకుతుంటే, పైన మంచినీరు సముద్రం వైపే పోతుంటుంది. ఒకే చోట, ఒకే క్షణంలో, పైన ఒక దిక్కు, కింద ఒక దిక్కు. పైన తేలే ఆకును చూసి నది దిక్కు చెప్పేవాడు అప్పుడు సగమే చెబుతున్నట్లు.

పోటు అత్యధికంగా ఉన్న క్షణంలోనే నది దిక్కు మారుతుందా?

కాదు, సాధారణంగా ఆలస్యంగా మారుతుంది. కదులుతున్న నీటికి ఊపు ఉంటుంది. సముద్రమట్టం తగ్గడం మొదలైనా లోపలికి వస్తున్న నీరు కాసేపు అదే ఊపుతో వస్తూనే ఉంటుంది. లోపలి మట్టం, బయటి మట్టం సమమై, ఊపు కూడా చచ్చాక నీరు నిలకడగా నిలిచిపోతుంది. ఆ కొద్ది నిమిషాల నిశ్శబ్దం చూడదగ్గది. ఇరుకైన ముఖద్వారం వెనక పెద్ద సరస్సు ఉన్న చోట ఈ ఆలస్యం మరీ ఎక్కువ. బయట సముద్రం తీసిపోతున్నా లోపల సరస్సు ఇంకా నిండుతూనే ఉంటుంది.

ఇంకో తేడా ఉంది. నదిలో పోటు, పాటు సమానంగా పంచుకోవు. ఎక్కడం త్వరగా అయిపోతుంది, దిగడం తీరిగ్గా జరుగుతుంది. పాటు సమయంలో తీసిపోయే నీటికి నది సొంత నీరు కూడా తోడవుతుంది కదా, అదంతా పోవడానికి ఎక్కువ గంటలు కావాలి.

స్వర్ణముఖి తిరుపతి దగ్గర ఎప్పుడైనా వెనక్కి పారిందా? చిత్తూరు నీవా నది?

పోటు వల్ల పారలేదు, పారదు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. మన తీరంలో పెద్ద పోటు కూడా దాదాపు ఒక మీటరే. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి తొండవాడ, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సముద్రానికి వెళ్లే స్వర్ణముఖి మన దగ్గర కిలోమీటరుకు మీటరుకు పైనే దిగుతుంది. అలాంటి వాలులో ఒక మీటరు పోటు కిలోమీటరు కూడా ఎక్కలేక చతికిలపడుతుంది. పోటు ప్రభావం ఉంటే అది సముద్రం అంచున ఉన్న చివరి కొద్ది కిలోమీటర్లలోనే. అక్కడ కూడా నదిలో నీరు లేని నెలల్లో అలలు ఇసుకను తెచ్చి మేట వేస్తే వాకిలి మూసుకుపోతుంది. మూసిన తలుపులోంచి పోటు రాదు.

నీవా మరీ ఎత్తున ఉంది. అది పొన్నైలో, పొన్నై పాలారులో కలిసి, తమిళనాడు దాటాక గానీ సముద్రం ముఖం చూడదు.

శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఉత్తరానికి పారుతుంది కదా. అది తిరగబడటం కాదా?

కాదు. ఆలయం పడమటి గోడను ఆనుకున్నట్లుగా అక్కడ నది ఉత్తరవాహిని అవుతుంది. తూర్పుకు పోయే నది కొంత దూరం ఉత్తరానికి వంపు తిరిగింది, అక్కడ నేల వాలు అలా ఉంది. ఉదయం, సాయంత్రం, అమావాస్య, పౌర్ణమి, ఎప్పుడు చూసినా అదే దిక్కు. పోటు వల్ల మారే ప్రవాహానికి గుర్తు రోజులో నాలుగుసార్లు మనసు మార్చుకోవడం. ఉత్తరవాహినికి ఆ చాపల్యం లేదు.

మనకు దగ్గరలో ఈ వింత చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

పులికాట్ వైపు వెళ్లండి. సూళ్లూరుపేటనుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు ఈ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రాకెట్ల కోసం, రాజహంసల్లాంటి ఫ్లెమింగోల కోసం వెళ్లేవాళ్లు కాళ్ల కింద జరిగే పనిని గమనించరు. కాళంగి, ఆరణి నదులు ఇటునుంచి మంచినీరు తెస్తాయి, అటునుంచి ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీరు పంపుతుంది. పోటు వస్తే నీరు లోపలికి, పాటు వస్తే బయటికి.

సరస్సు లోతు చాలా తక్కువ, చాలా చోట్ల నడుం లోతు కూడా ఉండదు. ఇంత పలచగా పరుచుకున్న నీటిలో పోటు అల నేల రాపిడికి త్వరగా నీరసించిపోతుంది. అందుకే ముఖద్వారం దగ్గర ఉరుకులు పెట్టే ప్రవాహం తడ వైపు వచ్చేసరికి ఉందా లేదా అన్నట్లుంటుంది. అసలు దృశ్యం కావాలంటే ముఖద్వారం దగ్గరికే వెళ్లాలి. రాయదొరువు ముఖద్వారం ఇసుక మేటతో పూడిపోయి, పూడిక తీయాలని మత్స్యకారులు ఏళ్లుగా అడుగుతూ వచ్చారు. వాళ్ల కష్టానికీ, ఈ పేజీలోని సంగతికీ నేరుగా సంబంధం ఉంది. వాకిలి పూడితే పోటు రాదు, పోటుతో వచ్చే రొయ్యపిల్లలు, చేపపిల్లలు రావు, ఎండాకాలంలో లోపలి నీరు ఆవిరై సముద్రం కంటే ఉప్పగా మారుతుంది. నది దిక్కు మారడం నాకు వింత, వాళ్లకు అది కూడు.

గోదావరిలో పోటు ఎంత దూరం వస్తుంది?

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం కాబట్టి దాన్ని దాటి పైకి రాలేదు. దిగువన గౌతమి మీద యానాం దగ్గర, వశిష్ట మీద నరసాపురం దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. ఎండాకాలంలో నది సన్నబడినప్పుడు ఉప్పునీరు ఇంకా లోపలికి చొచ్చుకొస్తుంది.

"ఎంత దూరం" అన్న ప్రశ్నకు నిజానికి మూడు జవాబులున్నాయి. ఉప్పు ఆగేది ఒక చోట. దానికి ఎగువన ప్రవాహం తిరగబడటం ఆగేది మరో చోట. ఇంకా ఎగువన, నీరు సముద్రం వైపే పోతున్నా మట్టం మాత్రం రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గే చోటు మూడోది. అమెజాన్ నదిలో సముద్రానికి దాదాపు 800 కిలోమీటర్ల ఎగువన కూడా పోటుకు మట్టం కదులుతుంది. అక్కడి నీరు మాత్రం ఉప్పుగా ఉండదు, వెనక్కీ పారదు.

వరద వచ్చినప్పుడు కూడా నది తిరగబడుతుందా?

పెద్ద వరదలో తిరగబడదు. 2021 నవంబరులో స్వర్ణముఖి చూపిన ఉగ్రరూపం తిరుపతివాళ్లకు గుర్తుండే ఉంటుంది. అంత నీరు ముంచుకొస్తుంటే ఒక మీటరు పోటు దాన్ని వెనక్కి తోయలేదు. కానీ పోటు పూర్తిగా ఓడిపోదు, వరద బయటికి పోయే వేగాన్ని తగ్గిస్తుంది. సముద్రం పోటు మీద ఉన్న గంటల్లో తీరపల్లెల్లో నీరు తీయకుండా నిలిచిపోవడానికి కారణం ఇదే.

పంచాంగం చూసి పోటు చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తాయి. సూర్యుడి ప్రభావం చంద్రుడిదానిలో సగానికి కొంచెం తక్కువే అయినా, రెండూ కలిసినప్పుడు పోటు బలుస్తుంది. అష్టమి ప్రాంతాల్లో ఇద్దరూ చెరో దిక్కుకు లాగడంతో పోటు పలచబడుతుంది. ఒక చిన్న మెలిక: పెద్ద పోటు సరిగ్గా పౌర్ణమినాడే కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత, అంటే పాడ్యమి, విదియల్లో రావడం మామూలు. ఊపు సంగతి ఇందాక చెప్పానుగా, మహాసముద్రానికీ అది ఉంటుంది.

గంట, నిమిషం కావాలంటే పంచాంగం చాలదు. తీరం ఆకారం, సముద్రం లోతు కూడా లెక్కలోకి రావాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ పోటు అంచనాలు ఇస్తుంది. పులికాట్ వైపు వెళ్లేవారు చెన్నై సమయాలు చూసుకుంటే సుమారుగా సరిపోతుంది.

నదిలో నీటి గోడలా పోటు వస్తుందని విన్నాము. మన దగ్గర ఎందుకు రాదు?

దానికి పెద్ద పోటు, గరాటులాంటి ముఖద్వారం, లోతు తగ్గుతూ పోయే నది, మూడూ కలిసిరావాలి. చైనాలోని చియాన్‌టాంగ్ నదిలో, అమెజాన్‌లో, మన దేశంలో హుగ్లీలో అలా వస్తుంది. హుగ్లీ ముఖద్వారం దగ్గర పోటు అయిదు మీటర్ల దాకా ఉంటే మన దగ్గర ఒక మీటరు. కాకినాడ వైపు ఇంకాస్త ఎక్కువ. చాలదు.

నది వెనక్కి పారిన ప్రతిచోటా పోటే కారణమా?

కాదు. కంబోడియాలోని టోన్లే సాప్ నది ఏడాదికోసారి వెనక్కి పారుతుంది. వర్షాకాలంలో మెకాంగ్ నది ఉబ్బి దాన్ని సరస్సులోకి నెడుతుంది. అమెరికాలోని షికాగో నదిని 1900లో కాలువ తవ్వి మనుషులే తిప్పారు. 2004 డిసెంబరు 26న సునామీ తెచ్చిన నీరు, 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన కూడా పోటు కావు. ఒకటి సముద్రగర్భ భూకంపం పని, మరొకటి తుపాను గాలి పని. కారణాలు వేరైనా సూత్రం ఒకటే: ఎటు మట్టం లేస్తే అటునుంచి నీరు కదిలింది.

ముఖద్వారం దగ్గర స్నానం చేయవచ్చా? నీరు ప్రశాంతంగానే కనిపిస్తుంది.

వద్దు. మీరు చూసిన ప్రశాంతత పోటుకూ పాటుకూ మధ్య ఉన్న ఆ కొద్ది నిమిషాలది కావచ్చు. పాటు మొదలైతే నది నీరు, తిరిగిపోయే నీరు కలిసి ఇరుకు దారిలో సముద్రం వైపు లాగుతాయి. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా దానికి ఎదురు ఈదలేరు. నదిలో ఈత నేర్చినవాళ్లు ఒడ్డును నమ్ముకుంటారు, ఇక్కడ అడుగున ఇసుక కూడా కాళ్ల కిందనుంచి జారిపోతుంటుంది. తెలియని చోట స్థానిక మత్స్యకారులను అడగండి. వాళ్లు వద్దంటే వాదించకండి.

పిల్లలకు ఇంట్లో చూపించే మార్గం ఉందా?

ఉంది. పొడవాటి పళ్లెం ఒకటి తీసుకోండి. అందులో అంగుళం లోతు నీళ్లు పోసి, ఒక చివర కింద పలచటి పుస్తకం పెట్టండి. నీళ్లు నిలకడగా అయ్యాక మధ్యలో చిటికెడు పసుపు చల్లండి. ఇప్పుడు పల్లపు చివర చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోస్తూ ఉండండి. పసుపు ఎత్తైన చివర వైపు జరుగుతుంది. పోయడం ఆపి అదే చివరనుంచి గిన్నెతో నీళ్లు తోడేస్తే పసుపు తిరిగి వస్తుంది. ఆపిన వెంటనే కాకుండా ఒక్క క్షణం ఆగి తిరుగుతుంది, ఆ క్షణాన్ని పిల్లలను కనిపెట్టమనండి. మా ఇంట్లో ఈ ప్రయోగానికి పూజగది పళ్లెం వాడి చీవాట్లు తిన్నాను, మీరు వేరేది చూసుకోండి.